ఒక పక్కకి కూర్చుని

మరియమ్మకి బెంగుళూరు రోడ్ల పక్కలన్నీ తెలుసు, రోడ్లే తెలీవు.

పెళ్ళయిన ఇరవై నాలుగేళ్ళుగా ఆమె ఎబినేజర్ బండి వెనక చీరకట్టుతో ఎడమ పక్కకి తిరిగి కూర్చుంటోంది. ఆడుగోడిలోని ఇంటి నుంచి తను నర్సుగా చేసే ఆస్పత్రికి పోయేటప్పుడు ఒక పక్క షాపులు, తిరిగి వచ్చేటప్పుడు రెండో పక్క షాపులు. ఏ బేకరీ మూతపడిందో, ఏ గోడకి కొత్తగా సున్నం కొట్టారో, ఏ బస్టాపులో బెంచీ విరిగిందో ఆమెకి తెలిసినంతగా ఆ వార్డు కార్పొరేటర్‌కి కూడా తెలీదు. ఎదురుగా ఏం వస్తోందో మాత్రం ఎప్పుడూ తెలీదు. అటు తల తిప్పితే కనిపించేది మొగుడి భుజమే.

"ఏమండీ, ఆ టైలరు షాపు ఎత్తేసినారు చూడండి," అనేది ఆమె.

"నేను ముందుకు చూస్తా ఉండాను మేరీ," అనేవాడు ఆయన.

ఇన్నేళ్ళూ ఇదే మాట. షాపులు మారాయి గానీ జవాబు మారలేదు.

ఎబినేజర్ ఒక మిషన్ల ఫ్యాక్టరీలో ఇరవై ఎనిమిదేళ్ళు క్వాలిటీ ఇన్‌స్పెక్టరుగా చేశాడు. లేత్ మిషన్ మీద నుంచి దిగిన ప్రతి ముక్కనీ గేజ్ పెట్టి కొలిచి, వెంట్రుకవాసి తేడా ఉన్నా ఎర్ర సుద్దతో అడ్డగీత కొట్టి పక్కన పడేయడం ఆయన పని. కోపం లేకుండా, మొహమాటం లేకుండా కొట్టేవాడు. చివరికి ఒకరోజు ఫ్యాక్టరీ వాళ్ళే వయసు పైబడినవాళ్ళందరికీ దండలు వేసి, ముందుగానే ఇళ్ళకి పంపించేశారు. మనిషి ఇంటికొచ్చాడు గానీ సుద్దముక్క వదల్లేదు. ఇడ్లీలు, పాల ప్యాకెట్లు, పాస్టరు గారి ప్రసంగాలు, అన్నీ ఇన్‌స్పెక్షన్‌కి వచ్చేవి. పాపం, ఏదీ పాసయ్యేది కాదు. మిగతా వేళల్లో వరండాలో కూర్చుని గేటు వైపు చూస్తూ ఉండేవాడు. డ్యూటీ నుంచి వచ్చిన మరియమ్మ ఆ చూపు చూడలేక నేరుగా వంటింట్లోకి పోయేది.

అలాంటి మనిషి రెండు వేల ఏడు మొదట్లో ఒక్కసారి లేచి నిలబడ్డాడు. ఎప్పుడో తొంభై ఒకటిలో, అందరూ నవ్వుతుండగా, సర్జాపుర రోడ్డులో కొన్న చిన్న సైటు ధరకి అంతకు ముందు ఏడాదే రెక్కలొచ్చాయి. అది అమ్మి కూతురు రెబెకా పెళ్ళి చేసి మైసూరు పంపాక కూడా కొంత మిగిలింది. దాన్ని ఏం చేద్దామని మరియమ్మ అడిగేలోపలే ఆయన చెప్పేశాడు. పెద్ద మోటారు సైకిలు కొంటాడట. అల్లాటప్పా బండి కాదు, రోజుకి ఐదారు వందల కిలోమీటర్లు పోయినా అలవని, దూర ప్రయాణాలకనే చేసిన విదేశీ బండి. దాని మీద మొగుడూ పెళ్ళాం కొత్త నాలుగు వరసల రోడ్డు పట్టుకుని చెన్నై, నెల్లూరు, బెజవాడ, విశాఖ, కలకత్తా, కాశీ, ఢిల్లీ, జైపూర్, బొంబాయి, హుబ్లీ, ఇలా దేశాన్ని చుట్టి తుమకూరు మీదుగా ఇంటికి రావాలట. ఆరువేల కిలోమీటర్లు.

"నువ్వు బిడ్డ పుట్టకముందు ఒకసారి అన్నావు గదా, దేశమంతా చూడాలని," అన్నాడు.

ఎప్పుడన్నదో ఆమెకి గుర్తులేదు. అయినా కాదనలేకపోయింది. పెళ్ళికి ముందు ఆయనకొక యెజ్డీ మోటారు సైకిలు ఉండేది. దాన్ని చూసుకున్నంత జాగ్రత్తగా ఆ తర్వాత పెళ్ళాన్ని కూడా చూసుకోలేదని అత్త చెప్పి నవ్వేది. పెళ్ళయిన ఏడాదే దాన్ని అమ్మేసి స్కూటర్ కొన్నాడు, చీరతో ఆమె సుఖంగా కూర్చోడానికి. ఆ మాట ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఎత్తిపొడవలేదు. ఎత్తిపొడిచి ఉంటే ఆమె కూడా రెండు మాటలని, ఈ ప్రయాణానికి రానని తేల్చేసేది.

పైగా ఈ ప్రయాణం సంగతి పాస్టరు గారు చర్చిలో ప్రకటించేశారు. పెళ్ళి ప్రకటన మూడు ఆదివారాలు చదివాక వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో, ఇదీ అంతే అయింది. ఆరాధన అయ్యాక ప్రతివాళ్ళూ అడగడమే. "ఏం సిస్టర్, ఎప్పుడు బయల్దేరేది?"

నిజం చెప్పాలంటే మరియమ్మకి ఎక్కడికీ పోవాలని లేదు. ఆమెకి నిద్రపోవాలని ఉంది. ముప్పై ఏళ్ళు వార్డుల్లో నిలబడి నిలబడి పిక్కల మీద నరాలు ముళ్ళు పడ్డాయి. సాయంత్రానికి పాదాలు చెప్పుల్లో పట్టవు. ఆమె కూడబెట్టుకున్న అరవై రోజుల సెలవుంది. ఆ అరవై రోజులూ తలుపు గడియ పెట్టుకుని పడుకోవాలన్నది ఆమె ఆశ. కానీ బండి మాట ఎత్తితే ఆ మనిషి మొహంలోకి వెలుగొస్తోంది, ఎత్తకపోతే మళ్ళీ గేటు వైపు చూస్తాడు. అందుకని నోరు మూసుకుని ప్రతి ఆదివారం బండ్లు చూడడానికి ఆయన వెనక స్కూటరెక్కేది. ఎక్కేముందు లోపల ఒక చిన్న ప్రార్థన చేసుకునేది. ప్రభువా, ఈ వారం కూడా ఆయనకి బండిలో ఏదో ఒక వంక దొరకనీ.

ప్రభువు వినేవాడు. వంక దొరికేది.

జిగణి పారిశ్రామికవాడ చివర ఫయాజ్ షెడ్డు ఉంది. చింతామణి ఊరివాడు, ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. విదేశాల నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగాలు చేసి తిరిగిపోయే దొరల దగ్గర పెద్ద బండ్లు కొని, బాగు చేసి అమ్ముతాడు. జనవరిలో వాళ్ళు మొదటిసారి పోయినప్పుడు షెడ్డులో రెండు బండ్లున్నాయి. ఒకటి జపాన్‌ది. నాలుగు సిలిండర్లు, ముందు గాలి ఆపే అద్దం, వెనక రెండు పక్కలా సామాన్ల పెట్టెలు. నడుస్తుంటే కుట్టుమిషన్ అంత చప్పుడు కూడా చెయ్యదు. రెండోది అమెరికాది. రెండే సిలిండర్లు గానీ ఒక్కొక్కటి నీళ్ళ బిందెంత. పొడుగ్గా, నేలకి దగ్గరగా, స్టార్ట్ చేస్తే షెడ్డు రేకులు అదిరేలా ఉంటుంది. ఒకటి రెండు వందల ఎనభై కిలోలు, ఇంకొకటి మూడు వందల పైన.

"మేడమ్ ఎట్లా కూర్చుంటారు?" అని ఫయాజ్ మొదటే అడిగాడు.

"అందరూ కూర్చున్నట్టే, పక్కకి," అంది మరియమ్మ.

"ఈ బండ్లలో అది కుదరదు మేడమ్. పెట్టెలు అడ్డం ఉండాయి. పెట్టె అన్నా తీయాల, మీరన్నా దిగాల."

ఎబినేజర్ నవ్వి, కాలు అటువేసి జపాన్ బండెక్కి కూర్చున్నాడు. కూర్చుని ఐదు నిమిషాలు ఉలుకూ పలుకూ లేదు. కళ్ళు మూసుకున్నాడు. నుదుట చెమట పట్టింది. చర్చిలో కూడా ఈ మనిషి ఇంత భక్తిగా కూర్చోలేదే అనుకుంది మరియమ్మ. కొంచెం ముచ్చటేసింది కూడా. యెజ్డీ రోజులు గుర్తొచ్చి ఉంటాయనుకుంది.

దిగాక ఆయన మొదటి వంక చెప్పాడు. "సీటు ఎత్తుగా ఉండాది."

ఆ రోజు మొదలు ఎనిమిది నెలలు ఆ రెండు బండ్లూ ఇన్‌స్పెక్షన్‌లో ఉన్నాయి. ఎబినేజర్ ఒక లాంగ్ నోట్‌బుక్ కొని, పేజీకి అడ్డంగా గీతలు కొట్టి, ఎడమ గడిలో జపాన్, కుడి గడిలో అమెరికా అని రాశాడు. ట్యాంకు నిండా పోస్తే ఎన్ని కిలోమీటర్లు. వెనక చక్రాన్ని తిప్పేది చెయినా, షాఫ్టా, చెయినైతే ఎన్నాళ్ళకోసారి నూనె పెట్టాలి. ఒంగోలు దాటాక పంక్చరైతే ఆ టైరు ముట్టుకునేవాడు దొరుకుతాడా. క్లచ్ తీగ తెగితే కటక్‌లో ఏం చెయ్యాలి. సిగ్నల్లో నిలబడితే ఇంజను వేడి కాలికి ఎంత కొడుతుంది. ఒక వారం జపాన్ గెలిచేది. "స్మూత్ అప్పా, చేతులకి అదురే తెలీదు." పై వారం దానికి అడ్డగీత పడేది. ఆ పై వారం అమెరికా వచ్చేది. "దూరానికి కాళ్ళు చాపుకోని పోవచ్చు." మళ్ళీ దానికీ గీత. "వేడి. ఎండాకాలం నాగపూరు దిక్కున నీ కాలు ఉడికిపోతాది మేరీ."

"మనం పోయే దారిలో నాగపూరు లేదు గదండీ," అంది మరియమ్మ.

"ఒకవేళ పోతే," అన్నాడు.

నడిపి చూడమని ఫయాజ్ ఎన్నిసార్లన్నా "ముందు కొలతలు, తర్వాతే పరుగు" అని దాటేసేవాడు. ఫ్యాక్టరీ బుద్ధి, మనిషి మారడు అనుకుని మరియమ్మ లోపల స్తోత్రం చేసుకునేది. తిరుగు దారిలో స్కూటర్ మీద ఇరవై రెండు కిలోమీటర్లు, బొమ్మసంద్ర గుంతలు, హోసూరు రోడ్డు లారీలు. ఇంటికొచ్చేసరికి ఇద్దరికీ మాట్లాడే ఓపిక ఉండేది కాదు. ఒకరు కుర్చీలో, ఒకరు మంచం మీద కూలబడి, పొద్దున చేసిన అన్నమే తినేవాళ్ళు.

ఆ ఎనిమిది నెలల్లో ఇంకా కొన్ని జరిగాయి. ఎబినేజర్ లేసులున్న బూట్లు మానేసి చెప్పుల్లోకి దిగాడు. చర్చిలో ప్రభురాత్రి భోజనపు రొట్టె తీసుకునేటప్పుడు అందరూ మోకాళ్ళూనితే ఆయన నిలబడే తీసుకున్నాడు. అడిగితే ప్యాంటు ఇస్త్రీ నలుగుతుందన్నాడు. మరియమ్మ అన్నీ చూసింది, ఏదీ పట్టించుకోలేదు. వార్డులో రోగి మంచం మీద ఒత్తిగిలే తీరు చూసి ఎక్కడ నొప్పో చెప్పేయగల మనిషి, ఇంటికొస్తే కళ్ళు కూడా యూనిఫారంతో పాటు విప్పి తగిలించేసేది.

సెప్టెంబరు ఆఖరు ఆదివారానికి వ్యవహారం పీకల మీదికొచ్చింది. మరియమ్మ సెలవు అక్టోబరు ఒకటి నుంచి మంజూరైంది. ఆమె బదులు వేరే సిస్టర్‌ని కూడా వేసేశారు. ఇక దాన్ని వెనక్కి జరపడం మేట్రన్ వల్ల కూడా కాదు. అటు ఫయాజ్ ఫోన్ చేసి, పూనా నుంచి ఒకాయన రేపు వచ్చి రెండు బండ్లూ తీసుకుపోతున్నాడని, సార్‌కి కావాలంటే ఇవాళే చెప్పాలని అన్నాడు.

ఆ రోజు ఆమెకి పొద్దుటి డ్యూటీ. రెండు గంటలకి ఎబినేజర్ ఆస్పత్రి గేటు దగ్గర స్కూటర్‌తో నిలబడి ఉన్నాడు. నోట్‌బుక్ చంకలో ఉంది. మరియమ్మ తెల్ల చుడిదార్‌లోనే వచ్చేసింది. నిరుడు ఆస్పత్రివాళ్ళు చీరలు తీసేసి అందరికీ చుడిదార్లు పెట్టారు. ఏభై దగ్గర పడుతుంటే ఈ వేషమేమిటని మొదట్లో సిగ్గుపడింది. తొడుక్కున్నది చుడిదారైనా, అలవాటు కొద్దీ స్కూటర్ మీద పక్కకే తిరిగి కూర్చుంది. ఆ పొద్దున వార్డులో రెండు కాన్పులు, ఒక చావు. దారి పొడుగునా ఏ షాపు గురించీ ఏమీ అనలేదు.

షెడ్డులో ఆయన మళ్ళీ నోట్‌బుక్ తెరిచాడు. టైర్ల మీద వేలు పెట్టి చూశాడు. అద్దాలు కదిపాడు. మరియమ్మ స్టూలు మీద కూర్చుని, బరువెక్కిన కాళ్ళు చూసుకుంటూ అరగంట ఓర్చుకుంది. ఆ తర్వాత ఆమెకి ఒళ్ళు మండింది. ఏదో ఒకటి తేలిపోవాలనిపించింది, పోవడమో మానడమో.

"ఏమండీ, చాలు ఇంక. ఎక్కండి. ఒకసారి నడిపి చూద్దాము. నేనూ వస్తాను," అంది.

"ఇప్పుడు ఎందుకు మేరీ, నువ్వు అలిసిపోయి ఉండావు."

"మేడమ్ చెప్పింది కరెక్టు సార్," అన్నాడు ఫయాజ్. "వెనక ఆమె కూర్చోని చూస్తేనే తెలుస్తాది. జపాన్‌ది తీసుకోండి. ఆదివారం, రోడ్డంతా ఖాళీ. స్కూటర్ తాళం ఇచ్చిపోండి చాలు."

ఎబినేజర్ ఆ బండి వంక చాలాసేపు చూశాడు. తర్వాత నోట్‌బుక్ మూసి ఫయాజ్ చేతికిచ్చి, బండిని షెడ్డు మెట్టు పక్కకి తెప్పించుకుని, మెట్టు మీద నుంచి ఎక్కాడు. మరియమ్మ కూడా ఆ మెట్టు మీద నుంచే, పెట్టెల మధ్య, జీవితంలో మొదటిసారి కాలు అటొకటి ఇటొకటి వేసి కూర్చుంది. ముందు ఇబ్బందిగా ఉండి చున్నీ సర్దుకుంది.

బండి కదిలింది. ఆమె తల ఎత్తింది.

వెనక సీటు ముందు సీటు కంటే జానెడు ఎత్తు. ఎబినేజర్ భుజం పైనుంచి ఆమెకి రోడ్డంతా కనిపించింది. పక్క కాదు, రోడ్డే. రెండు పక్కలా నీలగిరి చెట్లు, ఫ్యాక్టరీ గోడలు, మధ్యలో నల్లటి తారు నిటారుగా పోయి దూరంగా ఒక గుట్ట కింద సన్నగా అయిపోతోంది. అది అక్కడ ఆగకుండా తన దగ్గరికి వస్తోంది, వచ్చి కాళ్ళ కిందుగా జారిపోతోంది, మళ్ళీ వస్తోంది. గాలి మొహానికి తగిలి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళుగా వస్తువులు ఆమె ముందు నుంచి వెళ్ళిపోవడమే చూసింది. రావడం చూడలేదు.

ఇదా ఈయన రోజూ చూస్తున్నది, అనుకుంది. కొంచెం కోపం కూడా వచ్చింది, ఒక్కసారైనా చెప్పలేదే అని. మరుక్షణం ఆ కోపం పోయి, ఒంట్లో ఎక్కడుందో తెలియని ఓపిక పైకొచ్చింది. పోదాం. ఈ రోడ్డు పట్టుకుని చెన్నై, నెల్లూరు, బెజవాడ, అన్నీ పోదాం. నిద్ర ఎక్కడికి పోతుంది, తర్వాత పోవచ్చు. ఎనిమిది నెలలు ఆయన వంకల కోసం ప్రార్థన చేసినందుకు సిగ్గేసింది. ఇంటికి పోగానే ఈ మాట ఆయనకి చెప్పెయ్యాలనుకుంది.

అప్పుడే గ్రానైటు ఫ్యాక్టరీ గేట్లోంచి రాళ్ళ లారీ ఒకటి వెనక్కి వస్తూ రోడ్డుకి అడ్డం తిరిగింది. ఎబినేజర్ బ్రేకు వేశాడు. బండి మెత్తగా ఆగింది. ఆగి, ఎడమ పక్కకి ఒరిగింది.

ఆయన ఎడమ కాలు కింద పెట్టాడు. పెట్టాలనుకున్నాడు అనాలి. ఆ కాలు పక్కకి చాపుకోలేదు. బండికి అంటుకుని అలాగే నేలకి ఆని, బరువు పడగానే లోపలికి మడత పడింది. రెండు వందల ఎనభై కిలోలు, ఇద్దరు మనుషులు, ఆ బరువంతా ఆ కాలి మీదికి వస్తోంది. మరియమ్మ ఆలోచించలేదు. తన ఎడమ కాలు కింద పెట్టి, పళ్ళు బిగించి తొక్కి పట్టింది. ఇరవై నాలుగేళ్ళలో బండి ఆగినప్పుడు ఆమె కాలు నేలకి ఆనడం అదే మొదలు. మోకాల్లో ఏదో కలుక్కుమంది. అయినా వదల్లేదు. ఇద్దరి కాళ్ళూ కలిసి ఎట్లాగో ఒక కాలి పని చేశాయి. బండి నిలిచింది.

ఆయన స్టాండు వేసి, ఎడమ చేత్తో తుంటి గట్టిగా పట్టుకున్నాడు. మెడ మీద చెమట ధారగా కారుతోంది. ఆ మెడని అంత దగ్గరగా, వెనక నుంచి, ఆమె ఎప్పుడూ చూసి ఉండలేదు. ముందు ఆమె దిగింది. ఆయన దిగడం చూసింది. కుడికాలి ప్యాంటు చేత్తో పట్టుకుని, కాలుని సామానులా సీటు మీదుగా ఈడ్చి దించాడు. ఆ దిగడం చూశాక ఎక్స్‌రే అక్కర్లేదు. ఇలా మంచం దిగేవాళ్ళని ఆమె వందల మందిని చూసింది. రెండు తుంటి కీళ్ళూ అరిగిపోయాయి, ఎడమది మరీ.

రోడ్డు పక్కన గ్రానైటు బండ ఒకటి ఎండకి వెచ్చగా ఉంది. ఇద్దరూ దాని మీద కూర్చున్నారు. లారీవాడు సగం తిరిగి, చాలదని మళ్ళీ ముందుకి పోతున్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది.

"జనవరి నుంచి. స్కూటర్ మీద తెలియలా. కాళ్ళు దగ్గరగా పెట్టుకోని కూర్చుంటాము గదా. ఈ బండి ఎక్కి కాళ్ళు ఎడం చేసినాను చూడు, మొదటి రోజే ప్రాణం పోయినట్టయింది."

"ఆ రోజు నాకు ఎందుకు చెప్పలా?"

"పాస్టరు చెప్పేసినాడు. ఫ్యాక్టరీ వాళ్ళకి చెప్పినాను. అదంతా వదిలెయ్. నువ్వు సెలవు పెట్టుకోని ఉండావు. జీవితంలో నీకు ఒకే ఒక ఆశ పెట్టినాను. అది కూడా లేదని ఏ మొహంతో చెప్పేది?" ఆయన తుంటి నలుపుకుంటూ నేల చూశాడు. "ఆ బండ్లలో తప్పులేమీ లేవు మేరీ. వెదికి వెదికి పెట్టినాను. ఇరవై ఎనిమిదేళ్ళలో మంచి ముక్కకి గీత కొట్టింది లేదు నేను. ఈ ఎనిమిది నెలలూ అదే పని చేసినాను."

మరియమ్మకి ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. ప్రతి ఆదివారం ఈయన ముందు కూర్చుని వంక వెతుక్కుంటుంటే, వెనక కూర్చుని ఆ వంక దొరకాలని తను దేవుణ్ణి అడుక్కుంది. ఇద్దరికీ అక్కర్లేని బండి కోసం అన్ని కిలోమీటర్లు, అన్ని గుంతలు.

"నాకు ఆశ లేదండీ," అంది. "నాకు నిద్రపోదామని ఉన్నింది. మీరు గేటు చూస్తా కూర్చుంటే చూడలేక వస్తా ఉన్నింటి."

ఆయన తల తిప్పి ఆమె మొహంలోకి చూశాడు. "నిజమే చెప్తా ఉండావా?"

"నిజమే." అది నిజమే, పది నిమిషాల ముందు దాకా. ఆ పది నిమిషాల సంగతి ఆమె చెప్పలేదు. లారీ తప్పుకుంది. తారు రోడ్డు మళ్ళీ గుట్ట దాకా ఖాళీగా కనిపించింది. చెప్పులోంచి వాచిన పాదం బయటికి తీసి, ఆమె దాని వంక కాసేపు చూసింది.

ఫోన్ చేస్తే ఫయాజ్ వాళ్ళ స్కూటర్ మీదే వచ్చాడు. బండి చుట్టూ తిరిగి చూశాడు. "ఏమైంది సార్? ఏం ఫాల్ట్ చెప్పండి, నేను చూస్తాను."

ఎబినేజర్ లేవడానికి కొంత సేపు పట్టింది. "బండిలో ఏ ఫాల్టూ లేదు ఫయాజూ. ఫస్ట్ క్లాసుగా ఉండాది. ఫాల్ట్ నాలో ఉండాది," అన్నాడు. "ఆ పూనా ఆయనకి ఇచ్చెయ్యప్పా. రెండూ మంచివే అని నేను చెప్పినానని చెప్పు."

తిరిగొస్తుంటే మరియమ్మ ఎప్పట్లా పక్కకి తిరిగి కూర్చుంది. ఆ సాయంత్రం ఆమెకి గోడలు గోడల్లా కనిపించలేదు. ప్రతి గోడా ఏదో కనపడకుండా అడ్డం నిలబడ్డట్టే ఉంది.

అక్టోబరు ఒకటి నుంచి తొమ్మిది రోజులు ఆమె నిద్రపోయింది. అనుకున్నట్టే తలుపు గడియ పెట్టుకుని పడుకుంది. ఎబినేజర్ గంజి కాచి తెచ్చేవాడు, ఇడ్లీలకి వంక పెట్టడం మానేశాడు. మధ్యలో ఒకరోజు లేచి ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. కీలు మార్చాలన్నాడు డాక్టరు, కానీ మరీ తొందర లేదు, ఇంకో రెండు మూడేళ్ళు లాగవచ్చన్నాడు. ఎబినేజర్‌కి ఆ "లాగవచ్చు" అన్న మాట ఒక్కటే నచ్చింది. చర్చిలో వాళ్ళకి ఆయనే నిలబడి ప్రయాణం లేదని చెప్పాడు. ఎవరూ ఏమీ అనలేదు. రెండో వారానికి మర్చిపోయారు కూడా.

పదో రోజు పొద్దున మరియమ్మ కాఫీ తాగుతూ అడిగింది. "ఏమండీ, ఆ గేర్లు లేని స్కూటర్లు వచ్చినాయి గదా, అవి నేర్చుకోవడం కష్టమా?"

ఆయన కప్పు కింద పెట్టాడు. "ఎవరికి?"

"నాకే."

నేర్చుకోవడం చర్చి కాంపౌండులో జరిగింది. పక్కింటి ఓబులమ్మ కూతురి బండి అడిగి తెచ్చుకున్నారు. ఎబినేజర్ వేపచెట్టు కింద కుర్చీ వేసుకుని కూర్చుని, ఆమె ఒక చుట్టు తిరిగి రాగానే "రిజెక్ట్" అనేవాడు. మలుపు వెడల్పయిందని రిజెక్ట్. బ్రేకు గట్టిగా కొట్టిందని రిజెక్ట్. ఒకసారి పూలకుండీ పగిలింది. ఒకసారి ఆమె కూడా పడి మోచెయ్యి గీరుకుంది. సాయంత్రానికి నడుము పట్టేసేది. ఈ వయసులో ఇదేం పని అని ప్రతి సాయంత్రం అనుకునేది, ప్రతి పొద్దునా మళ్ళీ పోయేది. పంతొమ్మిదో రోజు ఆమె వచ్చి ఆగితే ఆయన ఏమీ అనలేదు. కుర్చీ మడిచి చంకలో పెట్టుకున్నాడు. అంటే పాసయినట్టే.

సెలవింకా వారం రోజులు ఉండగా, ఒక గురువారం పొద్దున, తమ సొంత కొత్త బండి మీద, ఇద్దరూ హొసకోటె వైపు బయల్దేరారు. చెన్నైకి పోయే ఆ నాలుగు వరసల రోడ్డే. కోలారు దాకా పోయి, టీ తాగి తిరిగి రావడమని నిర్ణయం. ఆరువేలలో అరవై ఐదు.

గేటు దగ్గర ఎబినేజర్ మామూలుగా కాలు అటు వెయ్యబోయాడు. తుంటి ఒప్పుకోలేదు. రెండోసారి ప్రయత్నించాడు. మరియమ్మ హ్యాండిల్ పట్టుకుని, వెనక్కి తిరగకుండా ఊరుకుంది. కొంచెం సేపటికి బండి ఎడమ పక్కకి బరువు దిగింది. ఆయన రెండు కాళ్ళూ ఒకే పక్క పెట్టుకుని, పక్కకి తిరిగి కూర్చున్నాడు. వీధి మొదట్లో పూలమ్మే కెంపమ్మ నోరు తెరుచుకుని చూసింది. మగవాడు అలా కూర్చోవడం ఆమె పుట్టి బుద్ధెరిగి చూసి ఉండదు. సిగ్నల్లో ఆటోవాడు నవ్వాడు. ఎబినేజర్ ఒక చేత్తో సీటు వెనక కమ్మీ, ఒక చేత్తో పెళ్ళాం భుజం పట్టుకుని కూర్చున్నాడు. ఆ చెయ్యి బిగుసుకుని ఉండడం ఆమెకి తెలుస్తోంది.

కృష్ణరాజపురం దాటాక రోడ్డు తెరుచుకుంది. మరియమ్మకి అప్పుడే నడుము లాగుతోంది, అరచేతులు చెమర్చాయి, పక్క నుంచి లారీ పోయినప్పుడల్లా చేతులు హ్యాండిల్‌ని ఇంకా బిగించి పట్టుకుంటున్నాయి. అయినా రోడ్డు వస్తూనే ఉంది. ఆమె దాని మీద నుంచి కళ్ళు తియ్యలేదు.

చాలాసేపటికి వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది.

"మేరీ, ఇక్కడ చూడు. ద్రాక్ష తోటంతా కొట్టేసి సైట్లు వేసినారు. నా కాలంలో ఇక్కడ తోట తప్ప ఏమీ లేకుండా ఉన్నింది. ఎప్పుడు వేసినారు ఇవన్నీ?"

"నేను ముందుకు చూస్తా ఉండానండీ," అంది మరియమ్మ.

భుజం మీద చెయ్యి మెల్లగా వదులైంది.

"చూడు, చూడు," అన్నాడు ఎబినేజర్. "పక్కన ఏముండాదో నేను చెప్తాలే."